చివరి ఎపిసోడ్‌లో మన బండి

జూన్ 4

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవెనలు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి, ఈయనకి మతి పోయిందా అనుకోకు. పోయిన వారం మనం ఫోన్లో మాట్లాడుకున్న తీరు గుర్తుందిగా. నువ్వు "ఆ, మామయ్యగారూ" అన్నావు. నేను "ఊఁ, భోంచేశావా" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చున్నాం. అమ్మాయి ఉన్నప్పుడు ఫోను లాక్కుని మనిద్దరి తరపునా తనే మాట్లాడేది. తను పోయి ఏడాది కావస్తోంది, మనకి ఆ పని ఇంకా చేతకాలేదు. కాగితం మీదైతే ఎదుటివాడి మౌనం వినబడదని ఇలా మొదలుపెట్టాను.

ఇక అసలు సంగతి. ఆదివారం టీవీలో మన బండ్ల కార్యక్రమం చూశావా? దాన్ని నడిపే ముగ్గురూ పాత వ్యాన్లలో గాజు పలకలు వేసుకుని కొండ దాటడమట పందెం. గడ్డపాయన ఎప్పటిలాగే గొప్పలు కోసి ముందు బయల్దేరాడు. పొట్టాయన బండి మొదటి మలుపులోనే ఆవిరి కక్కింది. టీచరమ్మ ఒక్కతే పలకల మధ్య దుప్పట్లు కుక్కి, పద్ధతిగా నడిపి, చివరికి గేటు స్తంభాన్ని గుద్దింది. నవ్వు రావలసిన చోటే. నాకు మాత్రం రాలేదు.

వాళ్ళ హాస్యం ఈమధ్య నాకు ఎక్కడం లేదు. ఇదివరకు వాళ్ళు బండిని ఎలాగైనా నడిపించాలని తంటాలు పడితే మనం నవ్వేవాళ్ళం. ఇప్పుడు పగలగొట్టాలనే మొదలుపెడుతున్నారు. గాజు పగిలితే నవ్వేముంది? మా డిపోలో రోజూ ఏదో ఒక అద్దం పగులుతుంది. ఎవడూ నవ్వడు, నేను తిడతాను.

కొత్త పందేలు పంపమని ప్రేక్షకుల్ని అడిగారుగా. నాదొకటి ఉంది. ముగ్గురికీ మూడు పాత సిటీ బస్సులిచ్చి, పొద్దున్నే ఆఫీసుల వేళ రూటు నడపమనాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడిని లోపలికి రమ్మని బతిమాలడంలో గడ్డపాయన గొప్పలన్నీ దిగిపోతాయి. నువ్వేమంటావ్?

డిపోకి హెడ్ మెకానిక్కు, నీకు మాత్రం,
మామయ్య

*

జూన్ 12

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం దుకాణం అడ్రసుకి వచ్చింది. కౌంటరు వెనక నిలబడి చదువుతుంటే, చత్వారం అద్దాల కోసం వచ్చిన ఒక పెద్దావిడ "మంచి కబురేనా బాబూ" అని అడిగింది. నా ముఖం అలా ఉందన్నమాట.

బస్సుల పందెం అద్భుతం. నా పందెం కూడా వినండి. ముగ్గురూ ఒకరి కళ్ళజోడు ఒకరు పెట్టుకుని బండిని పార్కింగ్ చేయాలి. గడ్డపాయనకి దూరపు చూపు లేదని నా అనుమానం, బోర్డులు చదివేటప్పుడు కళ్ళు చిట్లిస్తాడు. టీచరమ్మ ఫ్రేము ముక్కు దగ్గర వదులైపోయింది. గాజు పగిలిన క్షణంలో అది జారి ఆవిడ పెదవి మీదికొచ్చింది చూశారా? అక్కడ నాకు నవ్వొచ్చింది. హాస్యం చచ్చిపోయిందని మీరు అప్పుడే తీర్పు చెప్పకండి.

అక్క నాకు తోడుగా ఇక్కడే ఉంటోంది. నేను టీవీ ముందు కూర్చుంటే పక్కన చేరి, "ఇందులో నవ్వడానికేముందిరా?" అని చెవిలో జోరీగలా అడుగుతుంది. చెప్పబోతే నవ్వు పోతుంది. పెళ్ళికి ముందు నాకు క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియదు మామయ్యగారూ. మీతో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలని మీ అమ్మాయే నన్ను మీ పక్కన సోఫాలో కూర్చోబెట్టింది. అది మీకు తెలుసో లేదో.

ఇంకొక విషయం. తన పాత కారు షెడ్డులోనే ఉంది. బ్యాటరీ ఎప్పుడో దిగిపోయింది, సీటులో ఎలుకలు గూడు పెట్టాయి. నాకు నడపడం రాదు. తను నేర్పుతానంటే రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకున్నాను. షెడ్డు ఖాళీ చేయమని అక్క రోజూ పోరు పెడుతోంది. ఏం చేయమంటారు? మీరెలా అంటే అలా.

కార్యక్రమం ఈ సీజనుతో ఆపేస్తారని పేపర్లో చదివాను. అబద్ధమైతే బాగుండు.

మీ అల్లుడు

*

జూన్ 18

అల్లుడూ,

ఆపేస్తారన్నది నిజమే. మొన్న ఆదివారం వాళ్ళే చెప్పారు. ఆ చెప్పడంలో కూడా ఒక జోకు వేయబోయారు, అది పేలలేదు. డిపోలో కుర్ర మెకానిక్కులు "పోనీలెండి సార్, పాతబడిపోయింది" అన్నారు. వాళ్ళకేం తెలుసు? నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. సోమవారం పొద్దున నీకు రాయడానికి నా దగ్గర ఇంకేముంటుంది? గేరుబాక్సుల గురించి రాస్తే నువ్వెన్నాళ్ళు చదువుతావ్?

కళ్ళజోళ్ళ పందెం బాగుంది. కానీ ముగ్గురూ ఆస్పత్రి పాలవుతారు. చివరి ఎపిసోడ్‌కి ప్రేక్షకుల ఇళ్ళలో మూలపడ్డ బండ్లు కావాలన్నారు, విన్నావుగా. వాటితో ఏదో పెద్ద పందెం చేస్తారట. గతుకుల కొండదారిలో ఊరేగిస్తారని నా ఊహ. అలా చేస్తే వాళ్ళ పాత మంచి రోజులు ఒక్కసారి తిరిగొచ్చినట్టే.

బండి గురించి నన్నడిగావు. నేనేం చెప్పను? నీ ఇంట్లో ఉన్న వస్తువు, నీ ఇష్టం. దాని ఇంజను మొత్తం ఊడదీసి బిగించింది నేనూ అమ్మాయీ కలిసే. తను కాలేజీలో ఉండగా సెలవుల్లో టార్చి పట్టుకుని పక్కన కూర్చునేది. టార్చి బోల్టు మీద కాక నా కళ్ళలో కొట్టేది, నేను కేకలేసేవాణ్ణి. నడపడం నేర్చుకుంటూ డిపో గేటుకి ఎడమ తలుపు గీసింది కూడా ఆ బండితోనే. సరేలే, అవన్నీ ఇప్పుడెందుకు.

నన్నడిగితే ఆ ముగ్గురికే ఇచ్చేయ్. ఎలుకలు తినేకంటే వాళ్ళ చేతిలో నాలుగు రోజులైనా తిరుగుతుంది. మీ అక్కకి షెడ్డు దక్కుతుంది, నీకు పోరు తప్పుతుంది.

మామయ్య

*

జూలై 3

మామయ్యగారికి నమస్కారం.

ఆలస్యానికి క్షమించాలి. ఇంట్లో చాలా మార్పులు జరుగుతున్నాయి. షెడ్డు కడిగించాం, గోడలకి రంగు వేయిస్తున్నాం. అక్క ముఖం చాలా రోజుల తర్వాత వెలిగిపోతోంది. నాకు కూడా కొంచెం తేలిగ్గా ఉంది, ఎందుకో ఇప్పుడు చెప్పను.

మీకొక కబురుంది. నా నోటితో చెబితే అందులో సంతోషం పోతుంది. చివరి ఎపిసోడ్ రోజున మీకే తెలుస్తుంది. ఒక్కరే చూడకండి, నలుగురిని కూర్చోబెట్టుకుని చూడండి. నిన్న ఒకాయనకి అద్దాలు బిగిస్తూ ఇదే ఆలోచనలో పడి, ఎడమదాన్ని కుడివైపు పెట్టేశాను. ఆయన వీధిలోకి వెళ్ళి, మెట్టు కనబడక తిరిగొచ్చి నన్ను దులిపేశాడు. నేను నవ్వుతూనే ఉన్నాను.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బండ్ల కింద దూరడం తగ్గించండి.

మీ అల్లుడు

*

జూలై 10

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. అర్థమైంది. ఇల్లు కడిగించడం, రంగులు వేయించడం, అక్క ముఖం వెలగడం, నీకు తేలికపడటం. డిపోలో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి, ఇది చెప్పలేనా?

మంచిదే. నీది చిన్న వయసు. ఒంటరిగా బతకమని నిన్నెవరూ శాసించలేదు, అందరికంటే నేను అసలే అనను. నాకు చెప్పడానికి మొహమాటపడి టీవీ కార్యక్రమం దాకా దాటవేస్తున్నావని తెలిసి నవ్వుకుందామనుకున్నాను. కుదరలేదు. ఒక పూట డ్యూటీకి వెళ్ళకుండా ఇంట్లో పడుకున్నాను. ఇది నీ మీద కోపం కాదు.

ఒక్కటే అడుగుతాను, విసుక్కోకు. ఆ వచ్చే అమ్మాయికి నేను ఏమవుతాను? ఏమీ కాను. అయినా ఎప్పుడైనా ఒక ఉత్తరం రాస్తే ఆమె ఏమైనా అనుకుంటుందా? అనుకునేటట్టయితే దుకాణం అడ్రసుకే రాస్తాను. అదీ ఇబ్బందైతే మానేస్తాను, నువ్వు చెప్పు. నాకు ఈ లోకంలో "మామయ్యగారూ" అని పిలిచేవాడివి నువ్వొక్కడివే.

మోకాలు అలాగే ఉంది.

దీవెనలతో,
మామయ్య

*

జూలై 15

మామయ్యగారూ,

మీరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిపోయారు! అలాంటిదేం లేదు. నిజంగా లేదు. అక్క చేత కూడా ఈ మాట రాయించాలనుకున్నాను. మీ ఉత్తరం చదివి తను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఇంతవరకూ బయటికి రాలేదు.

అడ్రసు మార్చే పనిలేదు. కబురు వేరు. మీ కోసమే. ఇరవై ఎనిమిదో తారీకు ఆదివారం దాకా ఓపిక పట్టండి.

మీ అల్లుడు

*

జూలై 29

అల్లుడుగారికి,

మీరు చూడమన్నారు, చూశాను. నలుగురిని కూర్చోబెట్టుకోమన్నారు. మా అల్లుడు ఏదో కబురు చెబుతాడట అని డిపో క్యాంటీనంతా నింపాను. బెంచీలు చాలక కొందరు టైర్ల మీద కూర్చున్నారు.

కొండదారి లేదు, ఊరేగింపు లేదు. జనం ఇచ్చిన బండ్లని క్రేనుకి కట్టి పైకెత్తి సిమెంటు నేల మీద పడేయడం, ఏది ఎక్కువ చప్పుడు చేస్తుందో పందెం కాయడం. ఆ హాస్యానికి వాళ్ళు పెట్టుకున్న పేరు వీడ్కోలు. మూడోది నీలం బండి. పడింది. తలుపు ఊడి కెమెరా వైపు దొర్లింది. ఎడమ తలుపు. అడుగున ఒక చోట నీలం రంగు తేడాగా ఉంది. ఆ రంగు కలిపింది నేను. గేటుకి గీసుకున్నాక సరిగ్గా కలవలేదని నా కూతురు నన్ను నెల రోజులు ఏడిపించింది.

"ఇది మా ఇంటావిడ కంటే గట్టిగా అరిచింది" అన్నాడు గడ్డపాయన.

క్యాంటీన్లో ఎవరికీ ఏమీ తెలియదు. "మీ అల్లుడి కబురేది సార్?" అని అడిగారు. నాకు తలకొట్టేసినట్టయింది. బయటికొచ్చేశాను.

మీకు షెడ్డు కావాలి, దక్కింది. నా మనసు కుదుటపడాలని ఇది పంపారో, ఇక నీకూ మాకూ చెల్లు అని చెప్పడానికి పంపారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఇకమీదట మీరు ఉత్తరాలు రాయకండి. నేనూ రాయను.

ఇట్లు,
ఆమె తండ్రి

*

ఆగస్టు 2

మామయ్యగారూ,

రాయవద్దన్నారు. ఇది ఒక్కటి చదివి చించేయండి.

కార్యక్రమం తరపున ఒకావిడ ఫోన్లో మాట్లాడింది. ఆ బండి ఎవరిదో, ఎందుకిస్తున్నానో అడిగింది. చెప్పాను. ఎవరికీ చెప్పనివన్నీ ఆవిడకి చెప్పేశాను. అంతా విన్నాక ఆవిడ ఒక మాటిచ్చింది. బండిని మా మెకానిక్కులు బాగుచేస్తారు, టీచరమ్మే స్వయంగా కొండదారిలో నడుపుతుంది, చివరి దృశ్యం అదే అంది. నేను నమ్మాను. ఎలుకల గూడు నా చేతులతో తీసి, సీట్లు తుడిచి పంపాను. ఆ ఇంజను చప్పుడు మీరు మళ్ళీ ఒక్కసారి వినాలని నా ఆశ. నేను నడిపి వినిపించలేను కదా.

సోమవారం ఆవిడే ఫోన్ చేసింది. వానలకి కొండదారి మూసేశారట, షూటింగు ఆగిపోయిందట, ఉన్న బండ్లతో పైవాళ్ళు వేరే పందెం పెట్టారట. "మీకు ముందే చెప్పాల్సింది" అంది. నాకు కోపం కూడా రాలేదు. ఆదివారం టీవీ ముందు అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. బండి పడ్డాక ఎందుకు నవ్వుతున్నారని మొదటిసారి తను అడగలేదు.

ఆ బండిని మీకే పంపాల్సింది. నాకు తోచలేదని కాదు. అది రోజూ మీ కళ్ళ ముందుంటే మీరు తట్టుకోలేరనుకున్నాను. మీరు ఇచ్చేయమని రాశారు, ఆ మాట పట్టుకున్నాను. మీకు అవసరమైనది అడగరని నాకు తెలిసుండాలి. తను మీ గురించి ఎప్పుడూ అదే చెప్పేది.

నీకూ మాకూ చెల్లు అని మీరన్నారు. నేను ఒప్పుకోను.

మీ అల్లుడు

*

ఆగస్టు 26

అల్లుడూ,

ఇన్నాళ్ళూ నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. గ్రీజు మరకలు పడ్డాయి. జవాబు రాయకపోవడం నీ మీద కోపంతో కాదు. మొన్న రాసినదాంట్లో ఒక మాట దాచాను, అది చెప్పకుండా ఏం రాసినా దొంగ రాతే.

నేను నవ్వాను.

ఆ నీలం బండి గాలిలో తిరుగుతుంటే పొట్టాయన చెవులు మూసుకుని పరిగెత్తాడు, తన కాళ్ళకి తనే అడ్డం పడ్డాడు, సరిగ్గా అప్పుడే బండి పడింది. కడుపుబ్బ నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. పక్కవాడి వీపు మీద చరిచాను. అమ్మాయి పోయాక అదే మొదటి నవ్వు. అంతలో తలుపు దొర్లింది. నీమీద చిమ్మిన విషమంతా నిజానికి నామీద చిమ్ముకోవాల్సింది.

పోయిన వారం ఒంటరిగా కూర్చుని ఆలోచించాను. బండి నాకిస్తావా అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అడగడానికి నామోషీ. ఇచ్చేయమని గొప్పకి పోయాను. నువ్వు పెద్దవాళ్ళ మాట జవదాటవు. మనిద్దరి మర్యాదలూ కలిసి దాన్ని క్రేనుకెక్కించాయి. ఇందులో ఆ ముగ్గురి తప్పు కొంచెమే.

ఇక కార్యక్రమం లేదు. వాళ్ళ పందేల గురించి, జోకుల గురించి మనం కాగితాలు నింపాం. ఎందుకు నింపామో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను అడగాల్సింది ఒకటుంది. అది అడగకుండా ఉండటానికి ఇంత రాశాను.

ఆ రోజు నేను ఘాటు రోడ్డులో ఆగిపోయిన బస్సు కింద పడుకుని ఉన్నాను. కబురు అంది, ఆస్పత్రికి వచ్చేసరికి దుప్పటి కప్పేశారు. నువ్వు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నావు. ఆ రోజు ఏం జరిగిందని నిన్ను అడగలేదు. నువ్వూ చెప్పలేదు. వినే ధైర్యం నాకు లేదనుకున్నావేమో, అప్పుడు లేదు కూడా.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆఖరి పూట నువ్వు తన పక్కనున్నావు, నేను లేను. నాకు రాయి. ఏదీ మెత్తగా చేసి రాయకు.

మామయ్య

*

సెప్టెంబరు 1

మామయ్యా,

ఇది రాయడానికి దుకాణానికి సెలవు పెట్టాను. మీరు చదివాక జవాబు రాయకండి, బయల్దేరి రండి. మీ గది అక్క సర్దింది. ఇక రాస్తాను.

జ్వరం అంతకుముందు వారం నుంచే ఉంది. మామూలు జ్వరమని మేమిద్దరం అనుకున్నాం. బుధవారం పొద్దున లేచేసరికి ఊపిరి ఆడటం లేదంది. ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్ళాను. బండి ఇంటి ముందే ఉంది, నాకు నడపడం రాదు. దారిలో తనే నన్ను ఓదార్చింది, "ఆటోవాడు బాగానే నడుపుతున్నాడులే" అని.

పడకలో పడుకోబెట్టి ముక్కుకి గొట్టం పెట్టారు. కాసేపు తేరుకుంది. దిండు బాగోలేదంది, మార్పించాను. నా చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నానని చూసి, తనే చెయ్యెత్తి సరిచేసింది. రెండు గుండీలు పెట్టాక అలిసిపోయి చెయ్యి దించేసింది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, దగ్గరవాళ్ళని రమ్మనండి అన్నాడు. అప్పుడే మీ డిపోకి ఫోన్ చేశాను. మీరు బస్సు కోసం ఘాటు ఎక్కారని, అక్కడ సిగ్నల్ ఉండదని చెప్పారు.

లోపలికి వెళ్ళేసరికి తను తలుపు వైపే చూస్తోంది. "నాన్న వచ్చాడా?" అంది.

లేదని ఎలా చెప్పను? నా ముఖం చూస్తే తనకి అంతా తెలిసిపోతుంది. తల తిప్పుకుని మంచినీళ్ళు వంచుతూ చెప్పాను. "వచ్చారు. కింద క్యాంటీన్లో టీ తాగుతున్నారు. ఇప్పుడే పైకొస్తారు" అని.

ఇన్నాళ్ళూ మీకు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందా? ఈ అబద్ధం సంగతి మీకు చెబితే, తను మిమ్మల్ని అడిగిందన్న నిజం కూడా చెప్పాలి. తను ఎదురుచూసిందని తెలిస్తే మీరేమైపోతారో అని భయపడ్డాను. మెత్తగా చేయవద్దన్నారు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ మాట వినగానే తన ముఖంలో బిగువంతా సడలిపోయింది. నేను మిమ్మల్ని పిలవడానికి కిందికి వెళ్తున్నానని అనుకుంది కాబోలు, నా చేతిని పట్టి ఆపింది.

"తొందరపెట్టకు. అంత దూరం నుంచి వచ్చాడు, అలిసిపోయి ఉంటాడు. తాగి రానీ" అంది.

అలా అని కళ్ళు మూసుకుంది. కాసేపటికి నర్సు వచ్చి నన్ను పక్కకి జరగమంది.

మీరు రాలేకపోయారని ఏడాదిగా కుమిలిపోతున్నారు. తనకి మాత్రం మీరు వచ్చేశారు మామయ్యా. కింద టీ తాగుతున్నారు.

మీ అల్లుడు